బరంపురంలో పాత ఫోటో బాగుచేయించాం: స్టూడియో మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ స్టూడియోకి నేను 5కి 4 స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద వస్తుంది. ఇంట్లో పాత ఫోటో ఏదైనా పాడైపోయి, ఎవరికివ్వాలో తెలియక బీరువాలో దాచుకున్నవాళ్లు బరంపురంలో గానీ, ఇటు ఛత్రపురం అటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు గానీ ఉంటే నేరుగా ఇక్కడికే తీసుకెళ్లండి. షాపు బడా బజార్ వైపు సందులో, మేడ మీద. కింద అప్పడాలూ వడియాలూ అమ్మే కొట్టు ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్, పెళ్లి ఆల్బమ్‌లు కూడా చేస్తారు గానీ ఈ రివ్యూ వాటి గురించి కాదు.

మా ఫోటో సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన పని ఏమిటో మీకు అర్థం కాదు.

అది అరవైల్లో బరంపురంలోనే ఒక స్టూడియోలో తీయించుకున్నది. ఆ స్టూడియో ఇప్పుడు లేదు, ఆ చోట మొబైల్ షాపు ఉంది. తాతయ్య కుర్చీలో కూర్చుని ఉంటారు, పంచె మీద కోటు. పక్క కుర్చీలో నాన్నమ్మ, ఆవిడ ఒళ్లో ఏడాదిన్నర పిల్ల. తాతయ్య భుజం మీద చెయ్యి వేసి మా పెద్దత్త, రెండు జడలు, రిబ్బన్లు, ఎవరో బలవంతంగా తెచ్చి నిలబెట్టారని తెలిసిపోయే మొహం. ముందు, నాన్నమ్మ మోకాలి పక్కన, మా నాన్న. ఆరేళ్లుంటాయేమో. కృష్ణుడి వేషంలో ఉంటారు. నెమలి పింఛం, చేతిలో పిల్లనగ్రోవి, నుదుటి మీద నామం, బుగ్గల మీద తెల్ల చుక్కలు.

బయటి ఊళ్లవాళ్లకి ఇది వింతగా అనిపిస్తుంది గానీ మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో మొక్కున్నవాళ్లు వేషం కడతారు, చిన్నపిల్లలకైతే అమ్మానాన్నలే కట్టించి అమ్మవారి దగ్గరికి తీసుకెళతారు. మా నాన్నకి అంతకు ముందు అమ్మవారు పోసి, ఇక లేవడనుకున్నంత దాకా వెళ్లి లేచారట. మశూచి అప్పటికింకా మన దేశాన్ని వదల్లేదు, చివరి కేసు 1975లో గానీ కాదు. ఆ మొక్కు తీర్చుకున్న రోజే, మొహం మీద రంగు కడగక ముందే, అందరూ కలిసి స్టూడియోకి వెళ్లి తీయించుకున్నారు.

ఒళ్లో ఉన్న పిల్ల, బతికుంటే, మాకు చిన్నత్త. మరుసటి ఏడు అదే జబ్బు ఆ పిల్లకి వచ్చింది, తగ్గలేదు. ఆమెది ఇంకో ఫోటో లేదు. తాతయ్యది పెద్ద ఫోటో విడిగా ఉంది, నాన్నమ్మవి మా పెళ్లిళ్ల ఆల్బమ్‌లలో బోలెడు, అంచేత ఈ పటం మా ఇంట్లో గోడ మీద అన్నేళ్లు ఉన్నది ఆ ఒక్క పిల్ల కోసమే అనుకోవాలి. నాన్నమ్మ శుక్రవారం శుక్రవారం పటం తుడిచి, సరిగ్గా ఆ పిల్ల ఉన్నచోట అద్దం మీద చిటికెడు కుంకుమ అద్దేది. ఆ పిల్ల గురించి మాకెవరికీ ఒక్క కబురూ చెప్పలేదు. చిన్నప్పుడు నేను అడిగితే "దాన్ని తల్లి తీసుకుపోనాది" అనేసి బియ్యం ఏరుకోవడంలో పడిపోయేది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి, ఆ రాత్రి బరంపురంలో ఉన్నవాళ్లెవరూ ఆ చప్పుడు మర్చిపోరు. మా వెనక గది రేకులు లేచిపోయాయి, గోడంతా నీళ్లు కారాయి. పటం కింద పడలేదు, మేకుకే వేలాడుతూ నానింది, అద్దం ఒక మూల చిట్లింది. కరెంటు లేక, నీళ్లు లేక, ఊరంతా చెట్లు పడి ఉన్న ఆ రోజుల్లో గోడ మీది పటాల గురించి ఎవరికి పట్టింది. అన్నీ కుదుటపడ్డాక చూస్తే ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఒక పక్క బూజు, తాతయ్య పంచె మీద గోధుమరంగు చారలు, చిట్లిన సందులోంచి కుంకుమ నీటితో లోపలికి దిగి పిల్ల గౌను మీద ఎర్రగా పాకింది. నాన్నమ్మ దాన్ని అలాగే మళ్లీ గోడకి పెట్టించింది, ఆవిడ ఉన్నన్నాళ్లు ఎవర్నీ దింపనివ్వలేదు.

ఆవిడ పోయాక మా తమ్ముడు పటాన్ని ఫోన్‌తో ఫోటో తీసి భువనేశ్వర్‌లో ఒక షాపులో ఇచ్చాడు. పేరు రాయను, ఇప్పుడు చాలాచోట్ల చేసేది అదే, ఒక్కళ్లని పట్టుకుని తిట్టడం న్యాయం కాదు. ఫోటోని ఏఐ ప్రోగ్రామ్‌లో వేస్తారు, కాసేపట్లో కొత్తదై బయటికి వస్తుంది, రంగులతో సహా. ఆ ప్రింటు పార్సిల్‌లో వచ్చినప్పుడు మొదట అందరం అబ్బ అన్నాం. బూజు లేదు, మరక లేదు, మొన్న తీసినట్టే ఉంది. తర్వాత ఒక్కొక్కటీ కంటికి తగలడం మొదలైంది. నాన్న మొహం మీద నామం లేదు, చుక్కలు లేవు, ప్రోగ్రామ్ వాటిని గీతలూ మచ్చలూ అనుకుని చెరిపేసింది. నీలం పూసిన కృష్ణుడి మొహానికి మామూలు ఒంటిరంగు వేసింది. పింఛం జుట్టులో కలిసిపోయింది. పెద్దత్త మొహంలో చిరునవ్వు వచ్చింది, ఆవిడ తన పెళ్లి ఫోటోలో కూడా నవ్వలేదు! ఇక ఒళ్లో పిల్ల సంగతి. గుండ్రటి మొహం, ఇంతింత కళ్లు, రెండు పాలపళ్లు కనబడేలా నవ్వు, పాలపొడి డబ్బా మీద బొమ్మలా ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "ఎవలి గుంటిది?" అన్నారు. ప్రింటు బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయారు, ఆ రోజు దాని మాట మళ్లీ ఎత్తలేదు.

అలా ఈ స్టూడియోకి వచ్చాం. మా ఎదురింటాయన చెప్పారు, వాళ్ల అమ్మగారి ఫోటో ఇక్కడే చేయించారట.

షాపు ఆయన్ని అందరూ భాయినా అంటారు, ఒడియాలో అన్నయ్య అని. వయసు మా నాన్నకి దగ్గర్లోనే ఉంటుంది. ఇంటి భాష ఒడియా, మనతో మాత్రం శుభ్రంగా తెలుగులో మాట్లాడతారు, మధ్యలో ఒడియా మాట పడుతుంది, మన తెలుగులోనూ అంతే కదా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, వి.వి.గిరి గారు పుట్టిన ఊరు, ఇక్కడ ఏ భాషలో బేరమాడినా తగ్గించేది మాత్రం అంతే. వాళ్ల నాన్నగారు స్టూడియోలో పని చేసినవారట. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచప్ చెయ్యడం, ప్రింటు మీద తెల్లచుక్కలు పడితే బ్రష్షుతో నింపడం, బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి చేత్తో రంగులద్దడం ఈయన కుర్రతనంలోనే నేర్చుకున్నారు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని టాబ్లెట్ మీద పెన్నుతో అదే పని చేస్తున్నారు. ఏఐ అంటే తెలియని మనిషి అనుకోకండి, ఆయన కంప్యూటర్‌లోనూ ఆ ప్రోగ్రాములున్నాయి, వెనక గోడ మీది పగుళ్లూ, తెరమీది బూజూ లాంటివి వాటితోనే తీశారు. మొహాల దగ్గరికి మాత్రం రానివ్వరు.

సంచీలోంచి పటం తీయగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "లాగి చూశారా?" లేదంటే హమ్మయ్య అన్నారు. పాత ఫోటో కాగితానికి పైన ఉండేది జిలటిన్ పొర, బొమ్మంతా ఆ పొరలోనే ఉంటుంది. తడి తగిలితే అది ఉబ్బి జిగురవుతుంది, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు లాగితే మొహాలు అద్దానికి ఉండిపోయి ఉత్త కాగితం చేతికొస్తుంది. నీళ్లలో నానబెట్టి విడదీసే పద్ధతి ఉందట, ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి పొర మొత్తం లేచిపోతుంది, "ఉన్నది ఒకటే అయినప్పుడు నేను ఆ పని చెయ్యనమ్మా" అన్నారు. కాబట్టి అద్దంతోనే కాపీ తీశారు. పైన నిలువుగా కెమెరా, రెండు పక్కలా లైట్లు ఏటవాలుగా, లైట్లకీ లెన్స్‌కీ పోలరైజర్లు, దాంతో అద్దం మెరుపు పూర్తిగా పోయింది. మా తమ్ముడు ఫోన్‌తో తీసిన దానిలో ట్యూబులైటు గీత నాన్నమ్మ చీర మీద అడ్డంగా పడి ఉంటుంది, ఏఐ దాన్ని చీర అంచు చేసి పెట్టింది, అది వేరే కథ.

పటం వెనక అట్ట ఊడదీస్తే దాని కింద ఆంధ్రపత్రిక ముక్క మడిచి పెట్టి ఉంది. పటం కట్టినవాడు ఎత్తు కోసం పెట్టి ఉంటాడు. పాత న్యూస్‌పేపర్‌లో ఆమ్లం ఉంటుంది, అది ఆనుకున్న మేర ఫోటో కాగితం వెనక గోధుమరంగుకి తిరిగిపోయిందని చూపించారు. ఆ ముక్కని పారెయ్యకుండా విడిగా కవర్‌లో పెట్టి ఇచ్చారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇంకెవరైనా అయితే చెత్తబుట్టే.

అసలు విషయం ఇప్పుడు. కాపీని స్క్రీన్ మీద పెద్దది చేసి నాన్ననీ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క చోటా ఆగి, ఇది తియ్యమంటారా, ఉంచమంటారా అని అడుగుతూ వెళ్లారు. డబ్బులు తీసుకునే పని, గబగబా చేసి పడేస్తే ఎవరు అడగొచ్చారు? ఆయన అలా చెయ్యలేదు. బూజు తీసెయ్యొచ్చు, సరే. పంచె మీద చారలు తీసెయ్యొచ్చు, సరే. నామమూ చుక్కలూ గీసినవా పడినవా అని నాన్నని అడిగారు, నాన్న తన బుగ్గ మీద వేలితో చూపించి ఇక్కడొకటి, ఇక్కడొకటి అన్నారు, అవన్నీ ఉండిపోయాయి. మొహం తెల్లగా ఎందుకు పడిందో కూడా ఆయనే చెప్పారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము నీలాన్ని తేలికగా చూస్తుంది, అందుకే నీలం పూసిన మొహం ఫోటోలో పాలిపోయి కనిపిస్తుంది.

తర్వాత పిల్ల దగ్గరికి వచ్చారు. మేమంతా ఇన్నేళ్లూ అనుకున్నది, తుఫాను నీళ్లకి ఆ మొహం అలుక్కుపోయిందని. మా తమ్ముడు భువనేశ్వర్ షాపుకి చెప్పిందీ అదే, పిల్ల మొహం సరిచెయ్యండి అని. భాయినా చాలాసేపు చూసి, ఇది పాడవలేదమ్మా అన్నారు. అప్పటి స్టూడియోల్లో పెద్ద హాఫ్ ప్లేట్ కెమెరాలు, నాలుగు ముప్పావు అంగుళాలకి ఆరున్నర నెగటివ్. లోపల బల్బుల వెలుతురులో అర సెకను, ఒక్కోసారి సెకను దాకా తెరిచి ఉంచాలి. అంతసేపు పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, ఏడాదిన్నర పిల్లకి ఎవరు చెప్తారు? తాతయ్య కోటు గుండీలు స్పష్టంగా ఉన్నాయి, పిల్ల గౌను కుచ్చులు స్పష్టంగా ఉన్నాయి, నాన్నమ్మ వేళ్లు స్పష్టంగా ఉన్నాయి, మొహం ఒక్కటే చెదిరింది. నీళ్లు అలా ఒక్క మొహాన్ని ఎంచుకుని చెరపవు. పెద్దది చేసి చూపిస్తే చెవి రెండుసార్లు పడి ఉంది, ఒకటి కాస్త ముదురుగా, ఒకటి పల్చగా. "పాప తల తిప్పింది. కిందికి, ఇటు పక్కకి" అని పెన్నుతో గీసి చూపించారు. ఆ గీత తిన్నగా నాన్న తల మీది పింఛం దగ్గరికి వెళ్లింది.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ పిల్ల ఆ రోజంతా ఈక పీకుతానని ఒకటే గొడవ, రెండుసార్లు పీకేసింది కూడా, ఫోటో తీసేవాడు విసుక్కుంటే తాతయ్య బయటికెళ్లి బిస్కెట్లు కొనుక్కొచ్చారు అన్నారు. అరవై దాటిన మనిషి, ఇంతకు ముందు చెల్లెలి గురించి నా దగ్గర ఒక్క మాట అనలేదు. మేం చెరిపించాలని అంత తాపత్రయపడిన ఆ మసకే పిల్ల చేసిన అల్లరి. అది తీసేస్తే మిగిలేది ఎవరి మొహమో.

ఏఐ ఎందుకలా చేస్తుందంటే, అది మన ఫోటోలో దాగిన మొహాన్ని బయటికి తియ్యదు. అక్కడ సమాచారమే లేదు, ఎక్కడినుంచి తీస్తుంది? అది నేర్చుకున్న లెక్కలేనన్ని ఇతర మొహాల్లోంచి ఈ ఆకారానికి సరిపోయే కళ్లూ ముక్కూ పళ్లూ తయారు చేసి అతికిస్తుంది. చిన్న గీత పడినచోటో, పంచె మడత దగ్గరో ఇది మంచి పనిముట్టే. మొహం పోయినచోట మాత్రం అది ఊహ, అదీ మన ఇంటివాళ్లని ఎప్పుడూ చూడనివాడి ఊహ. ఫోన్లో యాప్‌లున్నాయి కదా అని తాతల ఫోటోలు వేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించండి. సరదాకి చేసుకోండి, కానీ అసలు ఫోటోని పక్కన పారేసి దీన్నే పటం కట్టించకండి. ఇంకో ఇరవై ఏళ్లకి పిల్లలు ఆ మొహాన్నే ముత్తాత అనుకుంటారు.

మిగిలింది కుంకుమ మరక. ఇది మాత్రం నిజంగా మరకే, ఫోటోలో మొదట లేనిదే, తడికి పాకిందే. తియ్యడం తేలికట. బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయినా కలర్‌లోనే కాపీ తియ్యాలని ఆయన పట్టుబట్టింది ఇందుకే. కలర్ కాపీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలుంటాయి, ఎరుపు పొర ఒక్కటే చూస్తే ఎర్ర మరక దాదాపు మాయమైపోతుంది, దాని కింది గౌను కుచ్చులు బయటపడతాయి. స్క్రీన్ మీద ఆ మీట నొక్కి చూపించారు, మరక ఉంది, లేదు, ఉంది, లేదు. అద్భుతంగా ఉంది చూడ్డానికి. "తియ్యనా?" అన్నారు. నేను తియ్యమనే అనబోయాను. నాన్న వద్దన్నారు. "అమ్మ పెట్టింది కదా" అన్నారు. భాయినా ఇంకేం అడగలేదు, రెండు ఫైళ్లు చేస్తానన్నారు, మరకతో ఒకటి, మరక లేకుండా ఒకటి. రెండో దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు మా గోడ మీద ఉన్నది మరకతో ఉన్నదే.

రంగుల సంగతి కూడా అడిగాం. చేత్తో రంగులద్దిన అనుభవం ఉన్న మనిషి కదా, వేస్తానంటారనుకున్నాం. చీర రంగు ఏమిటని అడిగారు. నాన్న మెరూన్ అన్నారు. ఇచ్ఛాపురంలో ఉన్న పెద్దత్తకి అక్కడినుంచే ఫోన్ చేస్తే, చిలకపచ్చ బరంపురం పట్టు, ఫోడా కుంభ అంచు, నాకు బాగా జ్ఞాపకం, వాడికేం తెలుసు వాడు వేషంలో ఉన్నాడు అంది. ఇద్దరూ ఫోన్లోనే కాసేపు దెబ్బలాడుకున్నారు. ఫోటో చూసి చెప్పలేరా అంటే, ఎరుపూ పచ్చా రెండూ బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే రకం బూడిదరంగుగా పడొచ్చు, అంచు డిజైన్ చూసి బరంపురం పట్టు అని చెప్పగలను గానీ రంగు చెప్పలేను అన్నారు. మీ ఇద్దరిలో ఎవరు గెలిస్తే ఆ రంగు వేస్తాను, అప్పటిదాకా ఇలాగే ఉంచుదాం అన్నారు. అలాగే ఉంచాం.

ఇచ్చిన వస్తువులు: పెన్ డ్రైవ్‌లో పెద్ద టిఫ్ ఫైళ్లు, పంపుకోవడానికి చిన్న జేపెగ్‌లు, 8 బై 12 ప్రింట్లు మ్యాట్ కాగితం మీద. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి అని కూడా చెప్పారు, మా అన్నయ్యలకి ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పినా మామూలుగానే పంపుతున్నారు. పటం కట్టేటప్పుడు చుట్టూ మందపాటి మౌంట్ బోర్డు వేశారు, అందంకోసం కాదు, అద్దం ఫోటోని తాకకుండా ఉండటానికి. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో, ఈ గాలిలోని తడికి, అద్దానికి ఆనించి కట్టిన ఏ పటమైనా ఏదో ఒకనాటికి మాదానిలాగే అవుతుందన్నారు. వాన కొట్టే గోడకి పెట్టొద్దు, దేవుడి గదిలో దీపం పొగ తగిలేచోట పెట్టొద్దు. బొట్టు పెడితే అద్దం మీద పెట్టుకోండి, అంచులు టేపు వేసి మూశాను, దిగదు అన్నారు. అసలు ఫోటోని అద్దంతో సహా మెత్తటి కాగితం చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. అది బీరువాలో పై అరలో ఉంది, వెండి రంగు పురుగులకి జిలటిన్ అంటే ఇష్టమట, అప్పుడప్పుడూ తెరిచి చూడమన్నారు.

ఖర్చు: కాపీ తీసినందుకూ బాగుచేసినందుకూ కలిపి 2,000 దాకా, ప్రింట్లూ పటమూ వేరే. భువనేశ్వర్ వాళ్లు తీసుకున్నదానికి ఇది మూడింతలు. ఎక్కువే. కానీ అక్కడ నొక్కింది ఒక మీట, ఇక్కడ ఒక మనిషి కూర్చుని చేశాడు. ఒప్పుకునే ముందు ఎంతవుతుందో చెప్తారు, తర్వాత పెంచరు.

ఇక కోసిన స్టార్ గురించి. టైము. వారం అంటే వారం కాదు, రెండు వారాలన్నా కాదు. ఫోన్ ఎత్తరు. వెళ్లి అడిగితే చల్లగా, అయిపోవచ్చిందమ్మా అంటారు. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో వెళ్లకండి, పాస్‌పోర్టు ఫోటోలకి కుర్రాళ్లు మెట్ల మీద దాకా నిలబడి ఉంటారు, మీ పని పక్కన పెట్టేస్తారు. ఠాకురాణి జాతర నెలలో అయితే అసలు ఆశ పెట్టుకోకండి, వేషాల ఫోటోలకే ఆయనకి తీరదు. రసీదు అడిగితే క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చారు. ఫ్రేముల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేవు, సగం బంగారు రంగు ప్లాస్టిక్ పువ్వులవి, నేను వాటిని దాటుకుని నల్లటి చెక్కది వెతుక్కోవలసి వచ్చింది. మెట్లకి పట్టుకోవడానికి కడ్డీ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు చూసుకోండి. కానీ ఆ పెద్దవాళ్లని తీసుకెళ్లడమే మంచిది, ఎలాగోలా ఎక్కించండి. ఫోటోలో ఉన్నవాళ్లు గానీ, వాళ్లని ఎరిగినవాళ్లు గానీ పక్కన కూర్చుంటేనే ఆయన అడిగే ప్రశ్నలకి జవాబులుంటాయి. నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే చుక్కలు ఎక్కడ గీశారో, ఈక ఎవరు పీకారో ఎవరు చెప్పేవారు?

బండి పెట్టుకోవడానికి ఆ సందులో చోటు లేదు, పెద్ద రోడ్డు మీద పెట్టి నడవండి. గూగుల్ పే పనిచేస్తుంది, నెట్ ఉంటే.

పెద్దత్తకి ఒక ప్రింటు ఇచ్ఛాపురం పంపించాం. ఫోటో బాగుందట, తన మొహం అంత చిరాగ్గా ఉంచాల్సిన పని లేదట, చీర చిలకపచ్చేనట. వచ్చే నెల బరంపురం వస్తుంది, ఆ భాయినాతో తనే మాట్లాడి రంగు వేయిస్తానంటోంది. నాన్న కూడా వెంట వెళతారట, వెయ్యనివ్వకుండా.